వేరే దేశంలో ఇల్లు: ధరను ఎలా తూచాలి, చోటును ఎలా ఎంచుకోవాలి?

ఉద్యోగం వల్లనో, కుటుంబ కారణాల వల్లనో వేరే దేశానికి తరలివెళుతూ అక్కడ ఇల్లు కొనే ఆలోచనలో ఉన్న పాఠకుల ప్రశ్నలను ఈ సంచికలో తీసుకున్నాం.

ప్రశ్న: మరికొన్ని నెలల్లో కుటుంబంతో సహా వేరే దేశంలో స్థిరపడబోతున్నాం. అక్కడి ఇళ్ల ప్రకటనలను రోజూ ఆన్‌లైన్‌లో చూస్తున్నాం. పక్కపక్క వీధుల్లో ఒకేలా కనిపించే ఇళ్లకు కూడా ధరలో చాలా తేడా ఉంటోంది. ప్రతి ధరనూ మన డబ్బుల్లోకి మార్చి చూసుకుని బెంబేలెత్తుతున్నాం. ఏ ధర సమంజసమో వెళ్లకముందే తెలుసుకోవడానికి మార్గం ఉందా?

జవాబు: చాలా వరకు ఉంది. అయితే ముందు ధరను మన డబ్బుల్లోకి మార్చి చూడటం మానుకోండి. మీరు సంపాదించబోయేది ఆ దేశపు కరెన్సీలో, అప్పు తీర్చేదీ అందులోనే. కాబట్టి ఆ ధరను పోల్చవలసింది అక్కడ మీ చేతికి వచ్చే జీతంతోనూ, అక్కడి అద్దెతోనూ మాత్రమే. మారకపు రేటుతో మీకు పని పడేది మొదట కట్టవలసిన సొమ్మును ఇక్కడి నుంచి పంపే సందర్భంలోనే.

ప్రకటనలో కనిపించే అంకెను ధర అనుకోవడం కూడా మానుకోవాలి. అది అమ్మేవారు చెప్పే ధర, అంతే. అది కుదిరే ధరకు ఎంత దగ్గరగా ఉంటుందనేది ఆ దేశపు ఆనవాయితీని బట్టి మారుతుంది. స్కాట్లాండ్‌లో చాలా ఇళ్లను ‘ఇంతకు పైన ఎంత ఇస్తారో చెప్పండి’ అనే పద్ధతిలో ప్రకటిస్తారు కనుక, అక్కడ ప్రకటనలోని అంకె బేరానికి మొదలే తప్ప చివర కాదు. మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల్లో ఎన్నో ఇళ్లు వేలంలో అమ్ముడవుతాయి. ముందుగా చూపిన అంచనా ధరను దాటి పాట చాలా దూరం పోయిందన్న ఫిర్యాదు అక్కడ తరచుగా వినిపిస్తుంది. మందకొడిగా ఉన్న మార్కెట్‌లో ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. నెలల తరబడి అమ్ముడుపోని ఇంటి యజమాని చెప్పిన ధర నుంచి చాలా దిగివస్తాడు.

అందువల్ల మీరు వెతకవలసింది నిజంగా అమ్ముడైన ధరలను. చాలా దేశాల్లో అవి బహిరంగంగానే దొరుకుతాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1995 జనవరి నుంచి జరిగిన అమ్మకాల ధరలను ల్యాండ్ రిజిస్ట్రీ ఉచితంగా చూడనిస్తుంది. ఐర్లాండ్‌లో 2010 నుంచి అమ్ముడైన ఇళ్ల వివరాలతో ఇలాంటి రిజిస్టరే ఉంది. ఫ్రాన్స్ ప్రభుత్వం 2019లో ఈ సమాచారాన్ని అందరికీ తెరిచింది. అమెరికాలో దస్తావేజులు కౌంటీల వద్ద ఉంటాయి కానీ, టెక్సస్ వంటి కొన్ని రాష్ట్రాల్లో అమ్మకపు ధరను బయటపెట్టాలన్న నిబంధన లేదు. అలాంటి చోట ఏజెంట్ల వద్ద ఉండే అమ్మకాల జాబితాను అడిగి తీసుకోవలసిందే.

ఈ వివరాలు చేతికి వచ్చాక నగర సగటును పట్టుకోకండి, ఒక్కో వీధికి ధర వేరుగా ఉండే విషయంలో సగటు మీకు ఏమీ చెప్పదు. మీకు నచ్చిన ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, గత ఏడాదిలో అమ్ముడైన అదే రకం ఇళ్లను ఆరింటినో ఎనిమిదింటినో తీసుకుని, విస్తీర్ణంతో భాగించి చూడండి. ఒక చదరపు మీటరు 10.76 చదరపు అడుగులకు సమానం. విస్తీర్ణాన్ని కొలిచే తీరు కూడా దేశానికో విధంగా ఉంటుందని గుర్తుంచుకోండి. ఫ్రాన్స్‌లో అపార్ట్‌మెంట్ల అమ్మకంలో 1.80 మీటర్ల కంటే పైకప్పు తక్కువ ఎత్తులో ఉన్న భాగాన్ని చట్టం లెక్కలోకి రానివ్వదు. అమెరికాలో భూమట్టానికి దిగువన ఉండే అంతస్తును సాధారణంగా ఇంటి విస్తీర్ణంలో కలపరు. బ్రిటన్ ప్రకటనల్లో పడకగదుల సంఖ్యకే ప్రాధాన్యం. మంచం వేస్తే తలుపు తెరుచుకోని గదిని కూడా అక్కడ మూడవ పడకగదిగా చూపిస్తారు కాబట్టి, ఇంటి ప్లాన్ కింద చిన్న అక్షరాల్లో ఉండే విస్తీర్ణాన్ని తప్పక చదవండి.

అమ్ముడైన ధరలు మీకు పక్కవారు ఎంత పెట్టారో చెబుతాయి. పక్కవారందరూ ఎక్కువ పెట్టి ఉంటే ఆ సంగతి చెప్పవు. ఆ పని అద్దె చేస్తుంది. నా దృష్టిలో కొత్త దేశానికి వెళ్లేవారికి ఇంతకంటే నమ్మదగిన కొలత లేదు. ఎందుకంటే అద్దె కట్టేవారు రేపు ధర పెరుగుతుందన్న ఆశతో ఎక్కువ ఇవ్వరు, ఉండటానికి ఎంత విలువ చేస్తుందో అంతే ఇస్తారు.

ఒక లెక్క చూద్దాం. ఇంటి ధర 4,00,000 యూరోలు, అదే వీధిలో అలాంటి ఇంటికే నెలకు 1,600 యూరోల అద్దె అనుకోండి. ఏడాదికి 19,200, అంటే ధర ఏడాది అద్దెకు సుమారు 21 రెట్లు. 15 రెట్ల లోపు ఉంటే కొనడం వైపు, 20 దాటితే అద్దె వైపు మొగ్గాలన్నది వాడుకలో ఉన్న మోటు లెక్క. దానితో ఆగకుండా సొంతదారుకు ఏటా నిజంగా ఖర్చయ్యేది ఎంతో కూడా వేయండి. 80,000 చేతి నుంచి పెట్టి 3,20,000 అప్పు తీసుకుంటే, 4 శాతం వడ్డీ మీద మొదటి ఏడాది వడ్డీ దాదాపు 12,800. మరమ్మతులకు ధరలో ఒక శాతం చొప్పున 4,000. పన్ను, బీమా కలిపి 2,500 అనుకుందాం. మీ 80,000 బ్యాంకులో ఉంటే 2 శాతం చొప్పున వచ్చి ఉండే 1,600 కూడా ఖర్చే. మొత్తం 20,900. అసలు కింద కట్టే భాగం మీ ఆస్తిగానే మిగులుతుంది కనుక దాన్ని ఖర్చులో వేయకూడదు. ఇక్కడ సొంతిల్లు అద్దె కంటే కొంచెమే ఎక్కువ, పర్వాలేదు. వడ్డీ 6 శాతం అయితే అదే మొత్తం 27,300కు చేరుతుంది. అప్పుడు అదే ఇంటికి అదే ధర మీకు గిట్టదు.

కాబట్టి వడ్డీ ఎంతకాలం స్థిరంగా ఉంటుందో తప్పక అడగండి. అమెరికాలో 30 ఏళ్లపాటు మారని వడ్డీతో అప్పు దొరకడం మామూలు విషయం. బ్రిటన్‌లో రెండేళ్లకో అయిదేళ్లకో, కెనడాలో ఎక్కువగా అయిదేళ్లకు రేటును కొత్తగా కుదుర్చుకోవలసి వస్తుంది. అప్పు ఇచ్చేందుకు బ్యాంకు సిద్ధపడింది కనుక ధర సరైనదేనని అనుకోవడం కూడా తప్పు. ఐర్లాండ్‌లో 2007 నుంచి 2013 మొదటికి ఇళ్ల ధరలు సగానికి పైగా పడిపోయాయి. అంతకుముందు ఆ ధరలకు అప్పులిచ్చినవి బ్యాంకులే.

ప్రశ్న: కంపెనీ నన్ను రెండేళ్ల ఒప్పందంపై జర్మనీ పంపిస్తోంది, పొడిగించే అవకాశం ఉందంటున్నారు. అద్దె రూపంలో డబ్బు వృథా చేయడం ఎందుకు, వెళ్లగానే కొనేయమని బంధువులు సలహా ఇస్తున్నారు. మీరేమంటారు?

జవాబు: కొనవద్దు అంటాను. అద్దె వృథా అన్నవారు కొనుగోలు సమయంలో తిరిగిరాకుండా పోయే డబ్బును లెక్కలో వేయడం లేదు. జర్మనీలో ఆస్తి బదిలీ పన్ను బవేరియాలో 3.5 శాతం, నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాలో 6.5 శాతం. నోటరీకీ, భూమి రిజిస్టర్‌లో నమోదుకూ కలిపి సుమారు 2 శాతం అవుతుంది. మధ్యవర్తి ఉంటే మీ వాటా చాలా చోట్ల 3.57 శాతం వరకు ఉంటుంది. అన్నీ కలిపితే ధరలో 9 నుంచి 12 శాతం. పై లెక్కలోని 4,00,000 యూరోల ఇంటికి ఇది 36,000 నుంచి 48,000, అంటే ఇంచుమించు రెండేళ్ల అద్దె మొదటి రోజే ఖర్చయిపోతుంది. రెండేళ్లకే తిరిగి వచ్చేట్లయితే ఆ సొమ్ము పోయినట్లే.

అమ్మేటప్పుడు కూడా అడ్డంకులు ఉన్నాయి. స్థిర వడ్డీ గడువు ముగియకముందే అప్పు తీర్చేస్తే బ్యాంకు పరిహారం అడుగుతుంది. అమ్మకుండా అద్దెకిచ్చి వచ్చేసి, కొన్న పదేళ్లలోపు అమ్మితే లాభం మీద సాధారణంగా ఆదాయపు పన్ను పడుతుంది. జర్మనీలో జీవితాంతం అద్దె ఇంట్లోనే ఉండేవారు లక్షల మంది ఉన్నారు, అద్దెదారుకు చట్టం ఇచ్చే రక్షణ కూడా గట్టిదే. ఒప్పందం పొడిగించి, కనీసం ఏడెనిమిదేళ్లు ఉంటామని మీకే నమ్మకం కుదిరినప్పుడు మళ్లీ ఆలోచించండి.

మీ సంగతి అలా ఉంచి, దీర్ఘకాలం ఉండటానికే వెళ్లేవారికి కూడా నా సలహా ఒక్కటే. మొదటి ఏడాది అద్దెకు ఉండండి. ఒక చలికాలాన్ని ఆ ఊళ్లో గడపండి. ఇల్లు వేడి చేసుకోవడానికి ఎంతవుతుందో, ఏ గోడకు చెమ్మ పడుతుందో, సాయంత్రం నాలుగింటికే చీకటి పడే రోజుల్లో ఆ వీధి ఎలా ఉంటుందో ఎండాకాలంలో తీసిన ఫొటోలు చెప్పలేవు.

ప్రశ్న: కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్‌లలో ఉద్యోగ అవకాశాలు చూస్తున్నాను. శాశ్వత నివాస హక్కు రాకముందే ఇల్లు కొనవచ్చా?

జవాబు: మూడు దేశాల్లోనూ ఆంక్షలున్నాయి. కెనడా 2023 జనవరి 1 నుంచి విదేశీయులు నగర ప్రాంతాల్లో నివాసగృహాలు కొనడాన్ని నిషేధించింది, దాన్ని 2027 జనవరి 1 వరకు పొడిగించింది. శాశ్వత నివాసులకు ఇది వర్తించదు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవారికి, కొనే నాటికి పర్మిట్‌లో కనీసం 183 రోజుల గడువు మిగిలి ఉంటే, ఒక్క ఇంటి వరకు మినహాయింపు ఉంది. ఆస్ట్రేలియాలో తాత్కాలిక నివాసులు 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 వరకు పాత ఇళ్లను కొనడానికి సాధారణంగా వీలు లేదు. కొత్త ఇళ్లకు ముందస్తు అనుమతి తీసుకోవాలి. దానికి తోడు న్యూ సౌత్ వేల్స్‌లో 9 శాతం, విక్టోరియాలో 8 శాతం చొప్పున విదేశీ కొనుగోలుదారుపై అదనపు సుంకం ఉంది. సింగపూర్‌లో 2023 ఏప్రిల్ 27 నుంచి విదేశీయులు కట్టవలసిన అదనపు స్టాంపు డ్యూటీ 60 శాతం. ఒప్పందాలున్న కొద్ది దేశాల పౌరులకే అందులో మినహాయింపు. ఈ గడువులూ రేట్లూ ప్రభుత్వాలు మారుస్తూనే ఉంటాయి కనుక, సంతకం చేసే ముందు ఆయా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి, ఏజెంటు మాట మీద ఆధారపడకండి.

ప్రశ్న: నగరం ఖరారైంది కానీ ఏ పేటలో కొనాలో తేలడం లేదు. ఒకరు బడి చూడమంటారు, ఒకరు ఆఫీసుకు దూరం చూడమంటారు, మరొకరు మనవాళ్లు ఎక్కువగా ఉన్న చోటు చూడమంటారు. దేనికి ఎంత ప్రాధాన్యం ఇవ్వాలి?

జవాబు: ఇల్లు నచ్చకపోతే మార్పులు చేసుకోవచ్చు, చోటును మార్చలేం. అందువల్ల మీ గందరగోళం సహజమైనదే.

ముందు మార్చలేని ప్రమాదాలను తీసివేయండి, వాటిలో మొదటిది వరద. అమెరికా వరద పటాల్లో ‘ఏటా ఒక శాతం అవకాశం’ అని గుర్తించిన ప్రాంతాలుంటాయి. ఒక శాతమే కదా అనిపిస్తుంది గానీ, 30 ఏళ్ల అప్పు కాలంలో ఒక్కసారైనా వరద వచ్చే అవకాశం దాదాపు 26 శాతం. అక్కడి మామూలు గృహ బీమా వరద నష్టాన్ని భరించదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. ఇంగ్లండ్‌లో పిన్‌కోడ్ కొట్టి వరద ప్రమాదాన్ని ఉచితంగా చూడవచ్చు. వరద ముప్పున్న ఇళ్లకు బీమా అందేందుకు 2016లో తెచ్చిన పథకం మాత్రం 2009 జనవరి 1 తర్వాత కట్టిన ఇళ్లకు వర్తించదు. జపాన్‌లో అయితే 1981 జూన్‌లో వచ్చిన భూకంప నిబంధనలకు ముందు అనుమతి పొందిన కట్టడమా, తర్వాతదా అన్నది మొదటి ప్రశ్న కావాలి. కాలిఫోర్నియాలో కార్చిచ్చు ముప్పు పెరగడంతో కొన్ని పెద్ద బీమా కంపెనీలు కొత్త పాలసీలు ఇవ్వడమే ఆపిన సందర్భాలున్నాయి. ఇల్లు నచ్చిన రోజునే, ధర చెప్పకముందే, ఆ చిరునామాకు బీమా ఎంతవుతుందో అడిగి తెలుసుకోండి. బీమా సంస్థ వెనకాడుతున్న చోట మీరు ముందుకు పోవలసిన అవసరం లేదు.

తర్వాతది ప్రయాణం. మ్యాప్‌లో చూపే నిమిషాలను నమ్మకండి. మీరు ఆఫీసుకు వెళ్లే వేళకు, పనిదినం రోజున, ఆ ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా ఒకసారి వెళ్లి చూడండి. రైలు గంటకు ఎన్నిసార్లు ఉంది, చివరి రైలు ఎప్పుడు, ఒక రైలు రద్దయితే ప్రత్యామ్నాయం ఏమిటి అన్నవి దూరం కంటే ముఖ్యం. రోజుకు రెండు గంటలు దారిలో పోతే, పేట ఎంత అందమైనదైనా పిల్లలతో గడిపే సాయంత్రాలు మీకు మిగలవు. నేను ఈ విషయానికి చాలా బరువు ఇస్తాను.

బడి విషయంలో ఒక హెచ్చరిక చేయాలి. మంచి బడి పరిధిలో ఉందని ఇంటికి ఎక్కువ ధర పెడతారు, కానీ ఆ పరిధి రాతిమీద గీత కాదు. ఇంగ్లండ్‌లో చాలా బడులు సీట్లకు మించి దరఖాస్తులు వస్తే దూరాన్ని బట్టి చేర్చుకుంటాయి కనుక, ఏ ఏడాది ఎంత దూరం వరకు సీటు వచ్చిందన్నది మారుతూ ఉంటుంది. గత మూడు నాలుగేళ్ల చివరి సీటు దూరాన్ని స్థానిక కౌన్సిల్‌ను అడగండి. అమెరికాలో పక్క వీధే మరో స్కూల్ డిస్ట్రిక్ట్ (బడుల నిర్వహణ ప్రాంతం) కావచ్చు, ఒకే డిస్ట్రిక్ట్‌లో కూడా ఏ వీధికి ఏ బడి అన్న హద్దులను మళ్లీ గీస్తుంటారు. ఆ చిరునామాను డిస్ట్రిక్ట్ కార్యాలయంలోనే ఖరారు చేసుకోండి.

మనవాళ్లున్న చోటు అన్న సలహాను నేను తేలిగ్గా తీసుకోను. కొత్త దేశంలో జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టగలిగిన ఇల్లు ఒకటి ఉండటం గొప్ప ధైర్యం. అయితే దానికి అదే వీధిలో కొననక్కర లేదు, అరగంటలో చేరగలిగితే చాలు. ఇక ఖాళీ స్థలం, ఎదురుగా పచ్చిక, అందమైన దృశ్యం చూసి ధర పెంచే ముందు అక్కడ ఏ కట్టడానికైనా దరఖాస్తు ఉందేమో స్థానిక ప్రణాళికా కార్యాలయం రికార్డుల్లో వెతకండి.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మాకు నచ్చిన ఒక ఇంటికి ఏటా కట్టే ఆస్తి పన్ను చుట్టుపక్కల ఇళ్లకంటే బాగా తక్కువగా ఉంది. ఇది మాకు లాభమే కదా?

జవాబు: కాదు. ఆ పన్ను అమ్మేవారిది, మీది కాదు. కాలిఫోర్నియాలో 1978లో ప్రజాభిప్రాయ ఓటింగ్‌తో వచ్చిన 13వ ప్రతిపాదన ప్రకారం, పన్ను కోసం లెక్కించే విలువ కొన్న ధర దగ్గర మొదలై ఏటా 2 శాతానికి మించి పెరగదు. ఇల్లు చేతులు మారితే ఆ విలువ మళ్లీ మార్కెట్ ధరకు వస్తుంది. ఉదాహరణకు 1990లో 2,00,000 డాలర్లకు కొన్న ఇంటి విలువ 35 ఏళ్ల తర్వాత కూడా పన్ను లెక్కలో సుమారు 4,00,000 దగ్గరే ఉండవచ్చు, పన్ను 1.1 శాతం అయితే యజమాని కట్టేది 4,400. అదే ఇంటిని మీరు 12,00,000కు కొంటే మీకు వచ్చే బిల్లు 13,200. నెలకు 700 డాలర్లకు పైగా తేడా. కొన్న కొద్ది నెలలకు ఈ తేడాకు సంబంధించిన అనుబంధ బిల్లు విడిగా వస్తుంది, సాధారణంగా అది మీ నెలసరి వాయిదాలో కలిసి ఉండదు. ఫ్లోరిడా, మిషిగన్‌లలో కూడా పాత యజమానికి ఉన్న పరిమితి అమ్మకంతో ముగిసిపోతుంది. కాబట్టి ఎక్కడైనా, మీరు పెట్టబోయే ధర మీద పన్ను ఎంతో లెక్క కట్టించుకోండి.

ప్రశ్న: లండన్‌లో ఒక ఫ్లాట్ మిగతావాటికంటే చవకగా వస్తోంది. లీజు ఇంకా 76 ఏళ్లు ఉందట. మా జీవితకాలానికి సరిపోతుంది కదా అనుకుంటున్నాం.

జవాబు: ఉండటానికి సరిపోతుంది, అమ్మడానికి సరిపోదు. ఇంగ్లండ్‌లో ఫ్లాట్ చాలావరకు లీజుహోల్డ్, అంటే మీరు కొనేది నిర్ణీత కాలపు హక్కును. లీజు 80 ఏళ్లకు దిగువన పడితే పొడిగింపు ఖర్చు బాగా పెరిగే పద్ధతి ఉంది. ఇంకా తగ్గే కొద్దీ అప్పు ఇచ్చే బ్యాంకులు తగ్గిపోతాయి. పదేళ్ల తర్వాత మీరు అమ్మబోతే మిగిలేది 66 ఏళ్ల లీజు. 2024లో వచ్చిన సంస్కరణ చట్టం ఈ భారాన్ని తగ్గించేందుకు ఉద్దేశించినదే అయినా, దానిలోని నిబంధనలన్నీ ఒకేసారి అమలులోకి రాలేదు. పొడిగింపు కోరడానికి రెండేళ్లు యజమానిగా ఉండాలన్న షరతు మాత్రం 2025 జనవరి 31న తొలగిపోయింది. సొలిసిటర్ (కొనుగోలు వ్యవహారం చూసే లాయర్) చేత పొడిగింపు అంచనా తెప్పించి, ఆ మొత్తాన్ని ఫ్లాట్ ధరకు కలపండి. కలిపాక కూడా చవకగా ఉంటేనే అది చవక. భవనం ఎత్తైనదైతే, లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 2017లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత అప్పు ఇచ్చే బ్యాంకులు అడుగుతున్న వెలుపలి గోడల తనిఖీ పత్రం ఉందో లేదో, గత మూడేళ్ల సర్వీస్ చార్జీ లెక్కలు ఎలా ఉన్నాయో కూడా చూడండి.

ప్రశ్న: వెళ్లే లోపు వీడియో కాల్‌లో చూసి కొనేయవచ్చా?

జవాబు: తప్పనిసరి అయితే తప్ప వద్దు. తప్పనిసరి అయితే మీ తరఫున మీరే డబ్బిచ్చి పెట్టుకున్న తనిఖీ నిపుణుడు ఇంటిని చూడాలి, అమ్మేవారి ఏజెంటు సూచించిన మనిషి కాదు. చెమ్మ వాసన, పైఅంతస్తు అడుగుల చప్పుడు, పక్క రోడ్డు హోరు వీడియోలో రావు కనుక, అవి ఉన్నాయో లేవో నివేదికలో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ఇక డబ్బు పంపే రోజున, బ్యాంకు ఖాతా మారిందంటూ చివరి నిమిషంలో ఈమెయిల్ వస్తే అది మోసమేనని అనుకోండి. లాయర్ కార్యాలయానికి మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేసి, ఖాతా వివరాలను ఒక్కొక్క అంకె చదివించుకున్నాకే పంపండి.